గడి గీసిన టీచరు

ఇంగ్లండులో, డెవన్‌లోని ఓ సర్కారు బడిలో పిల్లలకు ఏడో ఏడు వచ్చేదాకా అక్షరాలు నేర్పరు; అది ఆ బడి పద్ధతి. మోర్వెన్నా టీచరు పిల్లలచేత రొట్టెపిండి కలిపిస్తుంది, ఊలు అల్లిస్తుంది, మైనంతో బొమ్మలు చేయిస్తుంది, వేళ్లకంటిన మైనం గిల్లుకుంటూ కథలు చెబుతుంది. తనిఖీకొచ్చిన అధికారి ఆరేళ్ల టామ్‌సిన్ ముందు పుస్తకం తెరిచాడు. పిల్ల బిక్కమొహం వేసింది. "చదవడం రాదు" అని రాసుకున్నాడు. మోర్వెన్నా చెవులు కోపంతో ఎర్రబడ్డాయి. "కథ చెప్పమనండి, చెబుతుంది." "దానికి నా ఫారంలో గడి లేదమ్మా." "లేకపోతే నేను గీస్తాను!" ఆయన కలం లాక్కుని ఫారం మీదే గడి గీసింది. "ఇప్పుడు వినండి." టామ్‌సిన్ తోడేలు కథ తడబడకుండా చెప్పింది.

నివేదికలో బడికి అట్టడుగు గ్రేడు వచ్చింది. "టీచరు తనిఖీకి అడ్డుపడ్డారు" అనీ రాశారు. కొత్త పిల్లల్ని చేర్చుకునే రోజున మోర్వెన్నా ఆ వాక్యాన్ని ప్రతి తల్లికీ తానే చదివి వినిపించింది. "అడ్డుపడింది నేనే. మీ బిడ్డను నా దగ్గర చేరుస్తారా?"