ఉత్తరం పక్క నాలుగు మగ్గాల చోటు

మొన్న పెనుకొండలో మా ఇంటికి ఒక కుర్ర ఇంజనీరు వచ్చాడు. ధర్మవరంలో పాత అద్దకాల దొడ్డి మీద కట్టిన అంగళ్ల వరుసను పడగొట్టి కొత్తది కడతారట, పాత ప్లాను మూలన గీసినవాడిగా నా పేరు కనబడిందట, ఆ నేల కింద ఏముందో చెబుతారా సార్ అన్నాడు. మర్యాదస్తుడే పాపం, కానీ ఆ కాగితం విప్పగానే నేను లేచాను. మంచినీళ్లు తెస్తానన్న వంకతో లోపలికి వెళ్లిపోయాను.

డెబ్బైల చివర్లో డ్రాయింగు పని నేర్చినవాడంటే ఎంత గౌరవమో మన వయసువాళ్లకు గుర్తుండే ఉంటుంది. ధర్మవరంలో పట్టుచీరలు నేసే మా మేనమామ నన్ను పెంచి, హిందూపురం పంపి ఆ పని నేర్పించాడు. నేను అక్కడే ఒక ఇంజనీరు నడిపే చిన్న ప్రైవేటు ఆఫీసులో కుదిరాను. మామ కాపురం ఆ అద్దకాల దొడ్డిలోనే, బాడుగ ఇంట్లో. పట్టుకు రంగులద్దిన నీళ్లన్నీ ఏళ్ల తరబడి అక్కడే ఇంకి బావినీళ్లు ఎర్రగా మారితే, మా అత్త తాగునీళ్లకు రెండు వీధులవతలి నుంచి బిందె మోసేది. అందుకే స్థలం యజమాని ఆ మట్టి తీయించి, కింద అంగళ్లూ మీద పాత కాపురస్తులకు ఇండ్లూ కట్టిస్తానని మా ఆఫీసుకే పని ఇచ్చినప్పుడు, నా అంత మురిసినవాడు ఇంకొకడు లేడు.

మట్టి పని బాగానే చేశాం, అందులో నాకు సిగ్గు లేదు. రంగు కనబడనంత లోతు దాకా తవ్వి లారీలకెత్తి, మంచి మట్టి పోసి, పైన కాంక్రీటు పరిచాం. తర్వాత కట్టడానికి నియమాల కాగితం ఒకటి తయారైంది. వరండాలన్నీ ఒకే వెడల్పు, అంగళ్ల బోర్డులన్నీ ఒకే ఎత్తు, కింద ఎవరూ కాపురం ఉండరాదు, నేల ఎవరూ తవ్వరాదు. ముత్యాల్లాంటి అక్షరాలతో రాసింది నేనే. మా ఇంజనీరు చూసి, ఈసారి ప్లాను మీద నీ పేరు కూడా వేసుకోవయ్యా అన్నాడు. ఇంకేం, ఆ రోజు నా కాళ్లు నేలమీద ఆనలేదు.

గుంటమగ్గానికి నేలలో గుంట కావాలి, నేసేవాడు కాళ్లు అందులో దించి తొక్కితేనే మగ్గం ఆడుతుంది. మేడమీద గుంట ఎక్కడ తీస్తారు? ఆ గుంట అంచునే పాకి పెరిగిన నాకు ఆ మాట తట్టలేదు. ఆ ఆదివారం ప్లాను చూపించగానే మామకు తట్టింది.

"ఇల్లు బాగుండాది అల్లుడా, మగ్గం యాడ దించుకోవాల? ఉత్తరం పక్క బండ్లు నిలిపే జాగా ఉండాది గదా, ఆడికి రంగునీళ్లు ఎప్పుడూ పోలేదు. ఆడ నాలుగు మగ్గాలకు చోటియ్యమని మీ సారుకు ఒక మాట చెప్పబ్బా."

చెబుతాలే మామా అన్నాను. మరునాడు చెప్పాలనే వెళ్లాను కూడా. యజమాని ఎదుట మా ఇంజనీరు నా గీతను మెచ్చుకుంటూ, ఇంకేమైనా మార్పులున్నాయా అని నావైపు తిరిగాడు. ఏమీ లేవు సార్ అన్నాను. నా పేరున్న కాగితంలో తప్పుందని నా నోటితో చెప్పుకోవడం ఇష్టం లేక అన్నాను, ఛీ, ఇంతకన్నా పెద్ద కారణమేమీ లేదు.

మామ మేడమీదికి మారాడు. సొంత మగ్గం విప్పి అటకెక్కించి, పోయేదాకా ఇంకొకరింట్లో కూలికి నేశాడు. అటకవైపు చూసి ఎవరైనా అడిగితే, "మా అల్లుడు శానా అడిగినాడప్పా, వాళ్లే ఇయ్యలేదు" అని చెప్పేవాడు, నేను పక్కనే కూర్చుని కాఫీ తాగుతుంటే. ఒక్కసారైనా నిజం చెప్పలేకపోయాను. తిట్టి ఉంటే బాగుండేది.

ఇప్పుడు గుంట అక్కర్లేని స్టాండు మగ్గాలు వచ్చాయి, మరమగ్గాలూ వచ్చాయి. కట్టేముందు కాపురస్తులందరినీ కూర్చోబెట్టి ఏం కావాలో అడుగుతున్నామని ఆ కుర్రాడు చెప్పాడు, మీ కాలంలో ఇట్లా ఎవరూ అడిగేవాళ్లు కాదేమో సార్ అని నామీద జాలి కూడా పడ్డాడు. అవునన్నట్టు తలాడించాను. అడిగారు నాయనా, నన్నే అడిగారు.