రక్తపిశాచి తరఫున సాల్మన్ వకాల్తా

బోరబండ చరిత్రను ఎవరైనా రాయబూనితే, అందులో సాల్మన్ ఆదివారం కూరకు ఒక అధ్యాయం కేటాయించక తప్పదు. రాష్ట్రం రెండయింది, మెట్రో వచ్చింది, కరోనా ఊరంతటినీ ఇళ్లల్లో కూర్చోబెట్టింది. ఆ కూర మాత్రం చెక్కుచెదరలేదు. ఇరవై రెండేళ్లుగా, పోచయ్య మటన్ దుకాణం తెరిచి ఉన్న ప్రతి ఆదివారం, ఉదయం ఆరున్నరకల్లా సాల్మన్ మూత ఉన్న స్టీలు గిన్నెతో అక్కడ హాజరవుతాడు. పోచయ్య ఆయన కోసమే తీసిపెట్టిన నల్లను, అంటే గడ్డకట్టిన మేక రక్తాన్ని, ఆ గిన్నెలో వేస్తాడు. ఇద్దరూ ఒక్క మాట మాట్లాడుకోరు. పెద్ద దేశాల మధ్య కూడా ఇంత గట్టి ఒప్పందాలు లేవు.

ఇంటికి తెచ్చి, ఉడికించి, చిదిపి, ఉల్లిగడ్డ, పచ్చిమిర్చి, ఎల్లిపాయ వేసి వేపే పని కూడా ఆయనదే. భార్య మరియమ్మ బాప్తిస్మం తీసుకుని ఆరేళ్లయింది. ఆనాటి నుంచి ఆమె ఆ కడాయిని ముట్టలేదు. రక్తం తినకూడదని అపొస్తలులు యెరూషలేములో కూర్చుని తీర్మానించారనీ, ఆ తీర్మానాన్ని బోరబండలో ఎవరూ రద్దు చేయలేదనీ ఆమె వాదన. అందుచేత కడాయికి వరండాలో వేరే మేకు, దాని కింద వేరే స్టవ్వు ఏర్పడ్డాయి.

సాల్మన్ కూడా ప్రతి ఆదివారం చర్చికి పోతాడు. పాటలు గొంతెత్తి పాడతాడు. బాప్తిస్మం దగ్గరే ఆగిపోయాడు. చన్నీళ్లు పడవని, ముక్కు దిబ్బడ వేస్తుందని అందరికీ చెబుతాడు. నీళ్లలో మునిగి లేచాక మళ్లీ పోచయ్య దుకాణానికి గిన్నె పట్టుకుపోవడం కుదరదన్నది అసలు సంగతి. దేవుడికి అబద్ధం చెప్పేంత ధైర్యం ఆయనకు లేదు.

నెలకొకసారి, మొదటి ఆదివారం, ప్రభువు బల్ల ఉంటుంది. రొట్టె ముక్కలు, ద్రాక్షరసం చిన్న కప్పులు వరసలో ఒకరి చేతి నుంచి ఒకరి చేతికి వస్తాయి. బాప్తిస్మం లేనివాళ్లు పక్కవాళ్లకు అందించి ఊరుకోవాలి. మగవాళ్ల వైపు సాల్మన్ పళ్లెం దాటవేస్తున్నప్పుడు, ఆడవాళ్ల వైపు మరియమ్మ కప్పు చేతిలో పట్టుకుని ఒక్క క్షణం ఆయన్ను చూస్తుంది. తర్వాత తాగుతుంది. ఆరేళ్లుగా అదే చూపు. ఆమె ఏమీ అనదు. అంటే బాగుండేది, తిరిగి ఏదో ఒకటి అనవచ్చు.

ఈసారి ఆమె అంది. "వచ్చే నెల మొదటి ఆదివారం బాప్తిస్మాలకు ట్యాంకు నింపుతున్నరంట. నీ పేరు ఇయ్యనా?"

"ఇయ్యి" అనేశాడు సాల్మన్. ఆ మాట తన నోట్లోంచే వచ్చిందని గ్రహించేసరికి ఆమె పాస్టరుగారికి ఫోన్ కూడా చేసేసింది.

అప్పటి నుంచి ఆయనకు కాలు ఒకచోట నిలవలేదు. మాదాపూర్‌లో ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ పాంట్రీ ఆయన చేతి కింద ఉంది. టీ అడిగినవాళ్లకు కాఫీ ఇచ్చాడు, కాఫీ అడిగినవాళ్లకు వేణ్నీళ్లు ఇచ్చాడు. మధ్యాహ్నం జెస్సికా ఫోన్లో ఏదో సీరియల్ చూస్తూ అన్నం తింటోంది. గుంటూరు నుంచి వచ్చి టెస్టింగ్‌లో పనిచేసే పిల్ల, ఆ ఊళ్లో చర్చి కార్యదర్శి కూతురు.

"ఏం సూస్తున్నవ్ బిడ్డా, కండ్లు గంత పెద్దగ జేస్కోని?"

"వాంపైర్ అంకుల్. రక్తం తాగి బతికే పిశాచి. పగలు బయటికి రాలేడు, శిలువ చూస్తే పారిపోతాడు."

సాల్మన్ చేతిలో కప్పు కింద పెట్టాడు. "మేక రక్తమా?"

"మనుషులదండీ. కొంతమంది మంచోళ్లు ఉంటారు, జంతువుల రక్తంతో సరిపెట్టుకుంటారు."

"అసుంటోనికి రక్షణ ఉంటదా?"

జెస్సికా చెంచా పక్కన పెట్టింది. లోపాలు పట్టుకోవడం ఆమె ఉద్యోగం. "కష్టమే అంకుల్. బాప్తిస్మానికి ఎండలోకొస్తే కాలిపోతాడు. బల్ల దగ్గరికి రాలేడు, అక్కడ శిలువ ఉంటది. పాపం, రావాలనుకున్నా దారే లేదు."

"మరి తాగుడు ఇడిసిపెడితే?"

"చచ్చిపోతాడు. అసలు ముందే చచ్చినోడు అనుకోండి."

బాప్తిస్మం మూడు రోజులుందనగా, గురువారం సాల్మన్ ఇంట్లో గృహ ప్రార్థన. చివర్లో పాస్టర్ జాషువా ఎప్పటిలాగే "సందేహాలుంటే అడగండి" అన్నారు. ఎప్పుడూ ఎవరూ అడగరు, ఎందుకంటే లోపల ఉప్మా చల్లారుతుంటుంది. ఆ రోజు సాల్మన్ లేచి నిలబడ్డాడు.

"అయ్యగారూ, రక్తం తాగే పిశాచి ఒకడున్నడనుకోండ్రి. వానికి రక్షణ ఉంటదా?"

తెనాలి నుంచి వచ్చి పద్దెనిమిదేళ్లుగా సేవ చేస్తున్న జాషువాగారు కళ్లజోడు తీశారు. దశమభాగం గురించో రెండో రాకడ గురించో అడిగితే సిద్ధంగా ఉన్నారు గానీ, దీనికి లేరు. "దయ్యమాండీ? దయ్యాలకు లేదండి."

"దయ్యం గాదు. ముందుగాల మనిషే. ఎవడో కొరికితె గిట్లయిండు."

"మనిషే అయితే ఉందండి. మనిషిగా పుట్టినవాళ్లందరికీ పిలుపు ఉంది. కానీ మారుమనస్సు పొందాలండి. అంటే తాగడం మానెయ్యాలి."

"మానితే సస్తడు కదా."

జాషువాగారు చేతిలో బైబిలు మూశారు. "చస్తానని తెలిసి కూడా మానడానికి సిద్ధపడినవాణ్ణి దేవుడు వదులుకోడండి. ఆ నమ్మకం నాకుంది."

"ఒక్కపారే గాకుండ, జర జర తగ్గిచ్చుకుంట పోతె? ఆదివారం ఒక్కటే, అది గూడ పొద్దున..."

వంటింట్లోంచి మరియమ్మ గొంతు వినబడింది. "గా పిశాచి బోరబండలనే ఉంటదా ఏంది? దానికి కడాయి గూడ ఉందా?"

గదంతా నవ్వింది. పాస్టరుగారు మాత్రం వరండా వైపు చూడకుండా ఉండటానికి కళ్లజోడు చాలాసేపు తుడుచుకున్నారు.

ఆ నవ్వు సాల్మన్‌ను అంతగా బాధించలేదు. వేరే విషయం గుచ్చుకుంది. పిశాచికి రక్తం మానితే ప్రాణం పోతుంది. తనకేం పోతుంది? ఇడ్లీ తినవచ్చు. పాంట్రీలో ఉచితంగా బ్రెడ్డు కూడా దొరుకుతుంది. పిశాచి తరఫున తాను పుచ్చుకున్న వకాల్తాలో పిశాచికి ఒక సాకు ఉంది, వకీలుకు లేదు. యాభై మూడేళ్ల వయసులో రక్తపిశాచి కన్నా ఒక మెట్టు కింద నిలబడటం ఎవరికీ అంత సులువుగా మింగుడుపడే సంగతి కాదు. మానెయ్యాలని ఆయన ఆ క్షణమే తీర్మానించుకున్నాడు. ఆ తర్వాత రెండు రోజులు మంచం మీద అటూ ఇటూ దొర్లాడు.

ఆదివారం వచ్చింది. సరిగ్గా ఆరున్నరకు కాళ్లు వాటంతట అవే చెప్పులు వెతుక్కున్నాయి. చెయ్యి గిన్నె అందుకుంది. సాల్మన్ ఒక నిమిషం అలాగే నిలబడి, గిన్నెను గట్టు మీద బోర్లించాడు. చర్చికి పోవాలంటే పోచయ్య గల్లీయే దగ్గరి దారి. ఆయన ఆ గల్లీ మొదట్లో కూడా తిరగకుండా, రైల్వే స్టేషన్ చుట్టి, ఒక కిలోమీటరు ఎక్కువ నడిచాడు. పట్టుచీరలో, చెప్పు కరుస్తున్నా, మరియమ్మ ఎందుకని అడగకుండా వెంట నడిచింది.

చర్చి డాబా మీద, నడి ఎండలో, ట్యాంకులో ఆయన మునిగి లేచాడు. కాలిపోలేదు. ముక్కు దిబ్బడ కూడా వేయలేదు. పళ్లెం వచ్చినప్పుడు కప్పు తీసుకుని ఆడవాళ్ల వైపు చూశాడు. మరియమ్మ తన కప్పు పట్టుకుని చూస్తూనే ఉంది. ఇద్దరూ ఒక్కసారే తాగారు.

తర్వాత మైకు పట్టుకుని సాక్ష్యం చెప్పాడు. "ఇరవై రెండేండ్ల బంధకం ఈ పొద్దు తెగింది. శోధన జేసేటోడు ఆడ కత్తి పట్టుకోని కూసున్నడని తెల్సు. నేను ఆ గల్లీ మొఖం గూడ సూడలే." హల్లెలూయ అంటూ చర్చి మారుమోగింది. శోధన మీద ఇంతటి విజయాన్ని తన పద్దెనిమిదేళ్ల సేవలో చూడలేదని జాషువాగారు కంటతడి పెట్టారు.

ఆ రోజు అక్టోబర్ రెండు. గాంధీ జయంతి కనుక నగరంలో మాంసం దుకాణాలన్నీ బంద్.