అమ్మ ఆమెకే చెప్పింది

ఇటుక బట్టీ పనికి ఒరిస్సా నుంచి వచ్చిన ఒక మనిషిని చూసి, నలభై అయిదేళ్ళు దాటిన నేను, ఒక చలికాలమంతా కుళ్ళుకున్నాను. ఆమెకు ఇరవై రెండో ఇరవై మూడో ఉంటాయి. చంకలో ఆర్నెల్ల ఆడబిడ్డ. ఒంటిమీద వెలిసిపోయిన చీరె. కుళ్ళుకోవడానికి ఆమె దగ్గర ఏమీ లేదు. మా అమ్మ తప్ప.

మేముండేది ఆత్మకూరు అవతల కాలనీలో. సోమశిల డ్యాం కట్టినప్పుడు ఊళ్ళు మునిగిపోయిన వాళ్ళు వచ్చి చేరిన కాలనీ అది. ఇంట్లో అమ్మ, నేను, ఇద్దరమే. మా ఆయన పోయాక కుట్టుమిషను తెచ్చుకుని అమ్మ దగ్గరికి వచ్చేశాను. జాకెట్లు కుడతాను. అమ్మ మాట కరుకు. "అన్నం ఉండాది, తిను" అంటే అదే ఆమె ప్రేమ. చిన్నప్పుడు నేనెక్కడ పుట్టానని అడిగితే "ఎక్కడో పుట్టినావులే, పో" అనేది. మునిగిపోయిన ఊరి గురించి అడిగితే ఆ మాట కూడా ఉండేది కాదు, లేచి ఏదో ఒక పనిలోకి వెళ్ళిపోయేది. కొన్నేళ్ళకు అడగడం మానేశాను.

కాలనీ చివర మా చర్చి. దాని ముందు బోరు కుళాయి ఉంది. ఆ ఏడు దగ్గర్లో కొత్తగా ఇటుక బట్టీ పెట్టారు. ఒరిస్సా వాళ్ళు పది పన్నెండు కుటుంబాలు వచ్చి గుడిసెలు వేసుకున్నారు. బట్టీలో వచ్చే నీళ్ళు తాగడానికి పనికిరావని మా కుళాయి దగ్గరికి వచ్చేవాళ్ళు. ఒక ఆదివారం ఆరాధన అయ్యాక మా సంఘంలో పెద్దామె ఒకరు లేచి, "వాళ్ళు మనోళ్ళు కాదు, ప్రభువును నమ్మినోళ్ళూ కాదు. కుళాయికి తాళం ఏద్దాం" అన్నది.

పాస్టరయ్య ఏదో చెప్పబోయే లోపల అమ్మ లేచింది. చర్చిలో అమ్మ ప్రార్థన చేయగా విన్నాను గానీ, మాట్లాడగా అంతకు ముందు వినలేదు.

"నీళ్ళకాడ మనోళ్ళేంది, పరాయోళ్ళేంది? తాళం ఏస్తే నేనే పగలగొడతా" అని చెప్పి కూర్చుంది.

పాస్టరయ్య బైబిలు తెరిచి, పరదేశిని చేర్చుకోమని చెప్పే వాక్యం తీసి చదివాడు. తాళం మాట మళ్ళీ రాలేదు. ఆ పూట అమ్మను చూస్తే నాకు గర్వంగా ఉంది. ఆ గర్వం వారం రోజులే ఉంది.

మరుసటి ఆదివారం ఆ ఒరిస్సా పిల్ల బిడ్డను చంకనేసుకుని, బిందె పట్టుకుని చర్చి గుమ్మం దగ్గర నిలబడి పాటలు వింటోంది. అమ్మ వెళ్ళి చెయ్యి పట్టుకుని లోపలికి తీసుకొచ్చి, చాప మీద తన పక్కన కూర్చోబెట్టుకుంది. అది నేను కూర్చునే చోటు. నేను వెనక్కి జరిగాను. పాపిట్లో సిందూరంతో ఆ పిల్ల అమ్మ పక్కన కూర్చుంటే ఎవరూ ఏమీ అనలేదు. అమ్మ కూడా ఆమెను మోకరించమనలేదు, పాడమనలేదు.

ఆ తర్వాత పని దిగాక మా ఇంటికి రావడం మొదలుపెట్టింది. అమ్మ కాళ్ళు చాపుకుని, వాటి మీద ఆ బిడ్డను పడుకోబెట్టి నూనె రుద్ది నీళ్ళు పోసేది. ఆ పిల్ల అమ్మను "మా" అని పిలిచేది. వాళ్ళ భాషలో అమ్మను అట్లాగే అంటారట. ఆ పిలుపు వినపడితే నేను మిషను ఇంకా గట్టిగా తొక్కేదాన్ని. క్రిస్మస్‌కు నేను ఏరి ఏరి తెచ్చి, జాకెట్టు కుట్టి ఇచ్చిన నీలం చీరె అమ్మ ఒక్కసారైనా కట్టకుండా ఆమెకు ఇచ్చేసింది.

"నాకు రెండుండాయి. దానికి ఒకటే ఉండాది" అన్నది. రెండు అంగీలున్నవాడు లేనివాడికి ఒకటి ఇవ్వాలని చర్చిలో ఎప్పుడూ వినేదే కదా. కానీ ఆ వారమంతా అమ్మతో సరిగ్గా మాట్లాడలేదు.

సంక్రాంతి దాటాక ఒక మధ్యాహ్నం, దారం తెగి మిషను ఆపాను. పెరట్లోంచి అమ్మ గొంతు వినిపించింది. అంత మెత్తటి గొంతు నేను ఎరగను. ఆ పిల్ల తలకు నూనె పెట్టి దువ్వుతూ చెబుతోంది.

"మా ఊరు నీళ్ళ కింద ఉండాది. నాకప్పుడు నెలలు నిండినాయి. పొగాకు పనికని మా ఆయన వింజమూరు అవతలికి తీసకపోయినాడు. ముంపోళ్ళు వచ్చినారు, దొంగతనాలు చేస్తారని ఊళ్ళోకి రానీలా. బావికాడ కడవ దించనీలా. ఊరిబయట పొగాకు కాల్చే బ్యారన్‌లో పడుకున్నాం. ఆడనే నొప్పులు వచ్చినాయి. కూలికి పొయ్యే ఒకామె చూసి నన్ను ఇంటికి తీసకపోయినాది. తన చీరె చించి బిడ్డకు చుట్టినాది. నెల దినాలు కూడు పెట్టినాది. ఎందుకమ్మా ఇంత చేస్తావు అంటే, మా యేసయ్యకూ పుట్టినప్పుడు చోటు దొరకలేదు అన్నది. అయితే నీ దేవుడే నాకూ దేవుడు అన్నా."

ఆ బిడ్డ నేనే. తమ్ముళ్ళు గానీ అక్కలు గానీ నాకు లేరు. మేము చర్చికి ఎట్లా వచ్చామో, నేను ఎక్కడ పుట్టానో, నన్ను మొదట ఏ గుడ్డలో చుట్టారో, అంతా తెలుగు రాని మనిషికి చెబుతోంది మా అమ్మ. ఆ పిల్ల తల ఊపుతోంది.

నేను పెరట్లోకి వెళ్ళి, "దానికేం అర్థమైతాది? గోడకు చెప్పినా ఒకటే" అన్నాను.

"గోడ తల దువ్వనీదు" అన్నది అమ్మ, నా వైపు చూడకుండానే.

ఆ రోజు నుంచి నేను ఒక ప్రార్థన మొదలుపెట్టాను. ఎవరికీ చెప్పలేదు. ఈ మనుషుల్ని ఇక్కడినుంచి పంపించెయ్ ప్రభువా అని. నిజంగానే మోకాళ్ళ మీద ఉండి అడిగాను.

నెల తిరక్కుండానే ఒక మధ్యాహ్నం ఆ పిల్ల మా గుమ్మంలోకి వచ్చింది. నీలం చీరె కట్టుకుంది. రోడ్డు మీద ట్రాక్టరు ఆగి ఉంది, దాంట్లో మూటలు, మనుషులు. "మా?" అని అడిగింది. అమ్మ లోపలి గదిలో పడుకుని ఉంది.

"లేదు. ఊరికి పోయినాది" అని చెయ్యి ఊపి చెప్పాను.

ఆమె ఒక క్షణం నిలబడింది. కిందికి చూసింది. తర్వాత బిడ్డను చంక మార్చుకుని వెళ్ళిపోయింది. ట్రాక్టరు చప్పుడు దూరమయ్యాక నా ప్రార్థన ఫలించిందని తెలిసింది. సంతోషం మాత్రం రాలేదు.

సాయంత్రం తెలిసింది, యజమాని వాళ్ళను ఉదయగిరి దగ్గర ఇంకో బట్టీకి మార్చాడని. అమ్మ మూడు రోజులు గుమ్మంలోనే కూర్చుంది. "చెప్పకుండా పోయే పిల్ల కాదే అది" అని ఒకటే మాట. నాలుగో రోజు అన్నం దగ్గర నేను ఉండబట్టలేక చెప్పేశాను.

అమ్మ తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. చెయ్యి కడుక్కుని వచ్చి, "బావికాడ నన్ను తరిమిన ఆమె కూడా దేవుడి పేరు చెప్పుకునే మనిషే" అన్నది. కంచాలు తీస్తూ, "రేపు ఉదయగిరి పోతన్నాం" అన్నది.

తెల్లారి బస్సెక్కాం. వింజమూరు బస్టాండులో బస్సు ఆగినప్పుడు నేనే అడిగాను.

"నాకెందుకు చెప్పలేదు అమ్మా?"

"చెప్తే నన్ను చూసి జాలిపడతావు. నా బిడ్డ నన్ను చూసి జాలిపడేది నాకొద్దు."

"ఆమె పడదా?"

"దానికి మాట తెలీదు గదా. నా మనసులో బరువు దిగింది, అంతే. నీ చోటు అది తీసుకోలా." ఆ చివరి మాట కిటికీలోంచి బయటికి చూస్తూ చెప్పింది.

బట్టీ ఉదయగిరి కొండ కనిపించేంత దూరంలో ఉంది. వాకబు చేసుకుంటూ, ఎండలో నడిచి వెళ్ళాం. ఆ పిల్ల మట్టి చేతులతోనే పరుగెత్తుకొచ్చి అమ్మ కాళ్ళకు దండం పెట్టింది. నేను పక్కన నిలబడి, దారంతా మనసులో అనుకుంటూ వచ్చిన మాట చెప్పాను. "ఆ రోజు అమ్మ ఇంట్లోనే ఉంది. నేను అబద్ధం చెప్పినా."

అర్థం కాదేమో అనుకున్నాను. ఆమె నా మొహంలోకి చూసింది.

"తెలుసు" అన్నది. "అమ్మ చెప్పులు ఉండాది. నేను చూసినా."

మా అమ్మ దగ్గర నేర్చుకున్న తెలుగు అది, అమ్మ యాసతో సహా. నాకు తల తిప్పుకోవాలనిపించింది. ఆమె మాత్రం టీ పెట్టడానికి పొయ్యి రాజేస్తూ, బిడ్డను తెచ్చి నా చేతుల్లో పెట్టింది. అంతవరకు ఆ బిడ్డను నేను ఒక్కసారి కూడా ఎత్తుకోలేదు. బరువుగానే ఉంది.

వానలకు ముందు బట్టీ ఆగిపోయింది, వాళ్ళు వాళ్ళ ఊరు వెళ్ళిపోయారు. అమ్మ ప్రార్థనలో ఆమె పేరు నా పేరు కంటే ముందు వస్తుంది. విన్న ప్రతిసారీ నాకు కొంచెం గుచ్చుకుంటుంది. అది పోయిందని చెప్తే అబద్ధమవుతుంది.

మొన్నామధ్య ఆ పిల్ల ఎవరి ఫోను నుంచో చేసింది. అమ్మ ఇక్కడ తెలుగులో, ఆమె అక్కడ వాళ్ళ భాషలో, చాలాసేపు మాట్లాడుకున్నారు. నేను మిషను ఆపి కూర్చున్నాను.

"ఇటియ్యి, నేనూ మాట్లాడతా" అన్నాను.

అమ్మ నా వైపు ఒకసారి చూసి ఫోను ఇచ్చింది. చెవి దగ్గర పెట్టుకున్నాను.

"తిన్నావా?" అని అడిగాను.

"తిన్నా" అన్నది. "నువ్వు?"