మా చిన్నమ్మ కాచిన రెండు రకాల కాఫీ

మా చిన్నప్పుడు... ముసురు పట్టిందంటే ఇంట్లో అందరి కళ్లూ అటక వైపు తిరిగేవి. కింద పొయ్యి, పైన అటక. విత్తనాల సామలు, చోళ్లు, పసుపు కొమ్ములు, ఎండు మిరపకాయలు... తడవకూడనివన్నీ ఆ పొగలోనే భద్రం. పురుగు పట్టదు, బూజు పట్టదు. ఈ సంగతి మా ఊళ్లో ఎవరూ ఎవరికీ నేర్పక్కర్లేదు.

మాది గూడెం కొత్తవీధి వైపు కొండల్లో ఓ చిన్న ఊరు. ఇంటింటికీ కాఫీ తోట ఉండేది. పళ్లు కోసి, ఎండబెట్టి, సంతలో షావుకారు ఎంతకి అడిగితే అంతకి ఇచ్చేసి రావడమే మా వ్యాపారం. ఆ గింజతో బయట జనం ఏం చేస్తారో నాకు పెద్ద అనుమానం. మందులో కలుపుతారని నా స్నేహితురాలు, కాదు రంగు తీస్తారని నేను... ఎందుకంటే మా ఇళ్లలో ఎవరూ కాఫీ తాగి ఎరగరు. ఇంట్లో అంబలి, సంతకెళ్తే టీ.

మా అమ్మ చెల్లెలు, మా చిన్నమ్మ, ఊరికే ఉండే రకం కాదు. దేనికైనా "ఎందుకు?" అని అడగాల్సిందే. ఒక ఏడు పట్నం నుంచి కాఫీ గింజలు కొనే ఒకాయన వచ్చాడు. తొక్క తీసి, కడిగి, శుభ్రంగా ఆరబెట్టిన గింజ అయితే మంచి ధరకి తనే కొంటానన్నాడు. చిన్నమ్మ ఎనిమిది ఇళ్ల వాళ్లని ఒప్పించి, అందరి పళ్లూ తన వాకిట్లో పోయించుకుంది. తొక్క తీసే చేతి మిషన్ ఒకటి ఎక్కడినుంచో తెప్పించింది. మొదటి ఏడు బ్రహ్మాండంగా నడిచింది. నా లెక్కలో మా చిన్నమ్మ కలెక్టరు కన్నా పెద్దది.

రెండో ఏడు గింజ సగం ఆరిందో లేదో... తుపాను. నాలుగు రోజులు ఎండ మొహమే చూడలేదు. చిన్నమ్మ క్షణం ఆలోచించలేదు. తన అటక చాలక మిగతా ఇళ్ల అటకలు కూడా నింపించి, కింద పొయ్యి ఆరకుండా కట్టెలు ఎగదోయించింది. ఒక్క గింజ కూడా బూజు పట్టలేదు. అందరూ మెచ్చుకున్నారు.

పట్నం ఆయన వచ్చి, గుప్పెడు గింజలు మూకుట్లో వేయించి, దంచి, వేడినీళ్లు పోసి వాసన చూశాడు. తల అడ్డంగా ఊపాడు. పొగవాసన వస్తోంది, ఈ సరుకు నాకొద్దన్నాడు. మాకు అర్థమే కాలేదు. మా అన్నం, మా దుప్పట్లు, మా జుట్టు... అన్నీ ఆ వాసనే. దాన్ని వేరే వాసనని మేమెలా కనిపెడతాం?

చిన్నమ్మ బతిమాలలేదు. ఆయన సంచిలో వేరే ఊరి మంచి గింజ ఉంటే, అది కూడా అలాగే కాచి పక్కన పెట్టమంది. రెండు సత్తు గ్లాసులు. కళ్లు మూసుకుని ఇదో గుక్క, అదో గుక్క... రెండూ చేదే అంది. మళ్లీ కాయించింది. మూడోసారికి తేడా తెలిసి ఆవిడ ముఖం మారిపోయింది. నేనూ ఓ గుక్క తాగి ఉమ్మేశాను. జనం డబ్బులిచ్చి కొనుక్కునేది ఈ కషాయమా అని భలే ఆశ్చర్యపోయాను.

ఆ సరుకు మళ్లీ సంతలో షావుకారు దగ్గరికే పోయింది. ఊళ్లో గొణుగుడు మొదలైంది. ఇక వచ్చే ఏడు చిన్నమ్మకి ఎవరూ పళ్లు ఇవ్వరని మా అమ్మ బెంగపెట్టుకుంది. నెపం వాన మీదో, పట్నం ఆయన మీదో వేసెయ్యమని సలహా కూడా ఇచ్చింది. అలా చెప్పి ఉంటే అందరూ నమ్మేవారే.

చిన్నమ్మ వినలేదు. ఆయన దగ్గర కొంచెం మంచి గింజ అడిగి ఉంచుకుందట. మర్నాడు పొద్దున్నే ఎనిమిది ఇళ్ల వాళ్లనీ వాకిట్లో కూర్చోబెట్టి, రెండు రకాలూ కాచి పోసింది.

"తాగి సూడండి. ఆయన అబద్దం ఆడలేదు. అటకెక్కించమన్నది నేను. తప్పు నాది. ఒచ్చే ఏడు నాకు పళ్లు ఇత్తారో మానేత్తారో మీ ఇష్టం."

అందరిలో పెద్దవాడు కొండన్న తాత. రెండు గ్లాసులూ ఖాళీ చేసి కింద పెట్టాడు.

"మరి మల్లీ ముసురొత్తే ఏటి సేత్తావు?" అని అడిగాడు.

"ఇంకా తెలీదు తాతా. ఎతుకుతాను."

తర్వాతి ఏడు పళ్లు తెచ్చింది మూడు ఇళ్ల వాళ్లే. అందరికన్నా ముందు తాత తెచ్చాడు. వెదురు మంచెలు కట్టి, కింద గాలి ఆడనిచ్చి, పైన టార్పాలిన్ కప్పి ఆరబెట్టడం ఆ మూడిళ్ల గింజతోనే నేర్చుకుంది చిన్నమ్మ. మిగతా ఐదిళ్లూ తిరిగి రావడానికి నాలుగేళ్లు పట్టింది. ఆ నాలుగేళ్లలో ఆవిడ ఎవరి గుమ్మం ముందూ బతిమాలలేదు... ఆ రోజు అన్న మాటని ఒక్కసారి కూడా మార్చి చెప్పలేదు.

ఇప్పుడు మా ఊళ్లో గ్యాస్ పొయ్యిలొచ్చాయి. ఆరబెట్టడానికి షెడ్లు, తేమ చూసే మిషన్లు... పిల్లలు కూడా కాఫీ తాగుతున్నారు. నేనూ అరకు రోడ్డు మీద ఓ కాఫీ కొట్టు పెట్టాను. పోయినేడు మూసేశాను.

నువ్వు వేయించేటప్పుడు గింజ మాడుతోందక్కా అని నా దగ్గర పనిచేసిన ఇద్దరు అమ్మాయిలూ చెబుతూనే ఉన్నారు. నేను వినలేదు, కొట్టుకి వచ్చేవాళ్లు తగ్గిపోయారు. మూసిన రోజు వాళ్లతో సీజన్ బాలేదని చెప్పాను. తలూపి వెళ్లిపోయారు. నా అబద్ధం వాళ్లకి తెలుసు. తెలుసని నాకూ తెలుసు. సిగ్గుగా ఉంది.

మళ్లీ కొట్టు తెరవాలని ఉంది... వాళ్లిద్దరితోనే. రోజూ ఫోన్‌లో వాళ్ల నంబర్లు తీస్తాను, పక్కన పెట్టేస్తాను. మా చిన్నమ్మ ఒక్క పొద్దుటిపూట చేసిన పని నాకు ఏడాదిగా చేతకావడం లేదు.

మీ ఇళ్లలో నలుగురి ముందు కూర్చుని తప్పు నాదని చెప్పిన మనిషి ఎవరైనా ఉన్నారా? ఉంటే రాయండి. మొదటి మాట ఎలా మొదలుపెట్టారో కూడా రాయండి... నాకు కావాలి.