ఓడాల్సిన పిల్లను గెలిపించాను

ఒక అమ్మాయి ఆశను, మిర్యాలగూడలో నా పరువును ఒక్క చేత్తో ముంచిన ఘనుణ్ణి నేను. తలచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే ఒళ్ళు మండుతుంది.

నేను మిర్యాలగూడలో కిక్ బాక్సింగ్ నేర్పే మాస్టర్ని. సూర్యాపేటలో ఒక ఫంక్షన్ హాలులో కిక్ బాక్సింగ్ సినిమా తీస్తున్నారు. చివరి పోటీలో రిఫరీ వేషం నాది. హీరోయిన్ చేతిలో ఓడిపోయే వేషం నా శిష్యురాలు శిరీషది. బిడ్డ సినిమాలో కనబడుతుందని వాళ్ళమ్మ తమ ఊరు దామరచర్ల అంతా చాటింపు వేసేసింది. శిరీష వారం రోజులు అందంగా కింద పడటం నేర్చుకుంది. నేర్పింది నేనే.

"గంట కొట్టగానే హీరోయిన్ చెయ్యి పైకెత్తండి మాస్టారూ, అంతే" అన్నాడు డైరెక్టర్.

అంతే! నాకు చెప్పాలా?

హీరోయిన్ గాలిని తన్నింది. శిరీష పద్ధతిగా పడింది. "ఆగు" అన్నాను. ఆవిడ ఆగలేదు. పడిపోయిన పిల్ల మోకాలి మీద ఇంకొక్కటి తన్నింది. నిజం తన్ను! దెబ్బకు దెయ్యం వదులుతుందంటారు, ఆ దెబ్బకు నాకు పట్టింది. గంట మోగగానే శిరీషను లేపి, ఆమె చెయ్యి పైకెత్తాను. ప్రేక్షకులుగా కూర్చోబెట్టిన జనం ఈలలు వేశారు.

"కట్! ఏం చేశారండీ?"

"ఫౌల్! పడ్డ పిల్లను తంతదా?"

"కథలో గెలిచేది ఆమేనండీ!"

"కథల గెలుస్తదేమో, నా ముంగట గెలువది!"

శిరీష నా చొక్కా లాగుతోంది. "సార్, ఊకోండ్రి సార్. నాకేం కాలే."

"నువ్వు జర సప్పుడు జెయ్యకు!"

పాపం, ఇంకోసారి తీద్దామని వాళ్ళు బతిమాలారు కూడా. హీరోయిన్ తప్పు ఒప్పుకుంటే తప్ప కదలనని రింగు మధ్యలో బాసింపట్టు వేసుకుని కూర్చున్నాను. ఎంత పొగరో చూడండి! గంటసేపు చూసి, మా ఇద్దరినీ బయటికి పంపించారు.

సినిమా మిర్యాలగూడకు వచ్చింది. శిరీషను తీసుకుని వెళ్ళాను. ఆ వేషంలో కోదాడ అమ్మాయెవరో ఎంత బాగా ఓడిపోయిందంటే హాలంతా చప్పట్లు.

"అయినా మనం న్యాయం దిక్కు నిలబడ్డం" అన్నాను మెల్లగా.

శిరీష నా వైపు తిరగలేదు. "నన్ను పిలిచిందే ఓడిపోనీకి సార్. గదొక్కటన్న సక్కగ చెయ్యనియ్యకపోతిరి."

అందుకే సభాముఖంగా ప్రమాణం చేస్తున్నాను. ఇక ఈ జన్మలో ఎవరి చెయ్యీ పైకెత్తను. బస్సు ఆపడానికి నా చెయ్యి కూడా ఎత్తను. ఆగితే ఎక్కుతాను, లేదంటే నడిచే పోతాను.