కార్ల బయలు కింద పాతర

హిందూపురంలో కార్లు నిలపడానికంటూ ఒక స్థలాన్ని కొలిచి, గీత గీసి, పద్ధతిగా తయారు చేసిన మొదటి మనిషిని నేనే. నూరు కార్లు పట్టే బయలు అది. బెంగుళూరు నుంచి వచ్చినవాళ్ళు కూడా ఆగి, నిలబడి చూసి పోయేవాళ్ళు.

నూరు అన్నది కొంచెం ఎక్కువే. ఎనిమిది పట్టేవి. తొమ్మిదోది పెట్టాలంటే పక్కదాని తలుపు తెరుచుకునేది కాదు. బెంగుళూరువాళ్ళు నిలబడిన మాటా నిజమే కానీ, వాళ్ళు బస్సు కోసం నిలబడ్డారు. మిగతాదంతా జరిగినట్టే చెబుతాను.

అరవైలలో నేను పెనుకొండ రోడ్డులో ఒక కార్ల వ్యాపారి దగ్గర గుమాస్తాగా ఉండేవాణ్ణి. కొత్త కారు కావాలంటే ఆ రోజుల్లో పేరు రాయించుకుని ఏళ్ళకేళ్ళు కాచుకోవాలి. అంత ఓపిక లేనివాళ్ళు మా సావుకారు దగ్గరికి వచ్చేవాళ్ళు. ఆయన బెంగుళూరులో పాత కార్లు కొని, రంగు వేయించి, ఇక్కడ అమ్మేవాడు. చిక్కేమిటంటే, కారు కొనడానికి ఎవరూ ఒంటరిగా వచ్చేవాళ్ళు కాదు. ఇంటిల్లిపాదీ, బంధువులతో సహా ఎడ్లబండ్లు కట్టుకుని దిగేవాళ్ళు. బండ్లు, ఎడ్లు, వాటి ముందు గడ్డి, ఈ సందట్లో కార్లు. ఒకసారి ఒక ఎద్దు అప్పుడే పూసిన రంగును తలుపు పొడుగునా నాకేసింది. ఆ రోజే సావుకారు పక్కనున్న ఖాళీ దొడ్డి కొనేయాలని తీర్మానించుకున్నాడు.

దొడ్డి ఒక అవ్వది. భర్త పోయాక మనవరాలితో ఉండేది. ఆ మనవరాలినే తర్వాత నేను పెళ్ళి చేసుకున్నాను. అంటే ఈ సంగతికి సాక్షి మా ఇంట్లోనే ఉంది. అందుకే జాగ్రత్తగా రాస్తున్నాను.

స్థలం చేతికి వచ్చాక ప్లాను వేసే పని నా మీద పడింది. అడ్డగోడ పడగొట్టించాను. బండ్లు వెనకవైపు, కార్లు ముందువైపు అని ముగ్గుపిండితో గీతలు వేశాను. గరుసుమట్టి తోలించి, బాగా నీళ్ళు పోయించి, చదును చేయించాను. రోడ్డువైపు మొదటి గడి అమ్ముడుపోయిన కారుకు. పూజ అక్కడే జరగాలి, దారిన పోయేవాళ్ళు చూడాలి. ఆ ఆలోచన నాదే, దానికి సావుకారు నా భుజం తట్టాడు కూడా.

అడగవలసిన మాట ఒకటి మాత్రం అడగలేదు. మా వైపు రాగులను నేలలోపల, పాతరలో దాచేవాళ్ళు. మనిషి నిలబడితే తల కనపడనంత లోతు గొయ్యి. నోరు చిన్నది, కడుపు పెద్దది. నోటి మీద బండ వేసి మన్ను కప్పేస్తే, పైన గడ్డి మొలిచాక అక్కడ పాతర ఉందని ఇంట్లో ఆడవాళ్ళకు కూడా తెలియదు. ఎక్కడుందో తండ్రి కొడుక్కి మాత్రమే చెబుతాడు. ‘మీకు పాతర ఉందా’ అని బయటివాడు అడగడమంటే వాళ్ళ పెట్టె తాళంచెవి అడిగినట్టే. వేరే ప్రాంతంవాడైతే మర్యాద తెలియక అడిగేసేవాడు. నేను ఇక్కడ పుట్టినవాణ్ణి. అడగలేదు.

ధర్మవరం పట్టుచీరల వ్యాపారి ఒకాయన తెల్లకారు కొన్నాడు. పూజ రోజు పొద్దున్నే భార్యాపిల్లలతో రైలు దిగి జట్కాలో వచ్చాడు. పూజ చేసే అయ్యవారు ఇంకా రాలేదు. పిల్లలు నలుగురూ అప్పటికే వెనకసీటెక్కి ఎగురుతున్నారు. పూజ చూడడానికి అవ్వ కూడా మనవరాల్ని వెంటబెట్టుకుని వచ్చింది.

“బలే చేసినావబ్బా,” అంది బయలంతా కలయజూసి. “ఆ పాతరేం చేసినావు, పూడ్పిస్తివా?”

“ఏ పాతర అవ్వా?”

“మా పాతరే. మా మామ తవ్విచ్చినాడంట.”

“యాడుండాది?”

“నాకేం తెలుసు నాయనా. కొడుకు పుడితే వానికి చెప్దామనుకొన్నె మా ఇంటాయన. పుట్టింది కూతురు.”

“మరి అమ్మేటప్పుడు చెప్పల్ల కదవ్వా.”

“నువ్వు అడగల్ల కదా.”

పాతర గాలి ఎలాంటిదో నాకు తెలుసు. చిన్నప్పుడు మా ఊళ్ళో, దీపం ఆరిపోతుందేమో దించి చూడకుండా పాతరలోకి దిగిన మనిషిని తాళ్ళతో పైకి లాగారు. ఒంటిమీద గీరుకున్న గుర్తు కూడా లేదు. ఊపిరి మాత్రం లేదు. ఇప్పుడు నా బయలు కింద ఎక్కడో అలాంటి గొయ్యి ఉంది. పైన కార్లున్నాయి. ఒక కారులో పిల్లలున్నారు.

పక్కనే ఉన్న అవ్వ ఇంట్లోంచి రోకలి తెచ్చాను. పాతర వెదకడానికి పాతవాళ్ళ పద్ధతి అది. దంచితే గట్టినేల దబ్ మంటుంది. పాతర ఉన్నచోట ఖాళీ కడవ మీద కొట్టినట్టు మోగుతుంది. ముగ్గుగీతల వెంట దంచుకుంటూ బయలుదేరాను.

సావుకారు చూశాడు. “ఏమప్పా, కార్లమ్మేది ఇడిసిపెట్టి రాగులు దంచుతాండావా?”

“నేల రవ్వంత మెత్తగుండాది సామీ. గట్టి చేస్తాండా.”

నిజం చెబితే ఉద్యోగం పోతుందని ఒక భయం. చెబితే ఆ పిల్లల తల్లి కేకపెట్టి, జనమంతా కారు మీదికే పరుగెత్తుతారని ఇంకో భయం. రెండో భయంతోనే నోరు మూసుకున్నానని ఇన్నేళ్ళూ అందరికీ చెప్పుకున్నాను. మొదటిదే.

బండ్లు నిలిపేచోట దబ్. కార్ల వరస వెంట దబ్, దబ్. గట్టిగా పలికినప్పుడల్లా కాస్త ఊపిరి ఆడేది, వెంటనే ఆగేది. ఇక్కడ లేదంటే మిగిలినచోట ఉన్నట్టే కదా. చివరికి మొదటి గడి మిగిలింది. తెల్లకారు వెనకచక్రం పక్కన దంచాను.

కడవ మోగింది.

లోపల పిల్లలకు ఆ మోత నచ్చింది. ఇంకా గట్టిగా ఎగరసాగారు. చక్రం కింద గరుసు, జల్లెడలోంచి పిండి రాలినట్టు, సన్నగా లోపలికి జారుతోంది.

ధైర్యం తెచ్చుకుని చీరల వ్యాపారి దగ్గరికి వెళ్ళి, గొంతు పెంచకుండా చెప్పాను. “పూజకు ముందర కారు ఖాళీగా ఉండల్ల సామీ. మా తట్టు అట్లనే చేస్తారు.” ఆయన తలూపాడు. నేనే తలుపు తీసి, పిల్లల్ని ఒక్కొక్కరినే ఎత్తి, దూరంగా గట్టినేల మీద నిలబెట్టాను. ఆఖరి పిల్లను దించి ఇటు తిరిగానో లేదో, కారు వెనకభాగం నేలలోకి కూలబడింది. ముందుచక్రాలు పైకి లేచాయి. ముక్కిపోయిన రాగుల వాసన గుప్పుమని వచ్చింది. సావుకారు దుకాణం గోడకు ఆనుకుని కూర్చుండిపోయాడు.

ఇంతవరకూ రాసి మా ఆవిడకు చదివి వినిపించాను. ఆమె చెనక్కాయలు ఒలుస్తోంది. చేతిపని ఆపకుండానే అంది:

“నువ్వు యాడ దించినావు? కడవ మోగితానే రోకలి ఆడ్నే పారేసి గేటు బయటికి పోయుంటివి. పిల్లోళ్ళను దించింది నేను. కడగొట్టుపిల్ల రానంటే జడ పట్టుకొని ఈడిస్తి, అది నా చెయ్యి కొరికె, వాళ్ళమ్మ నన్ను తిట్టె. కారు కుంగినాంక వస్తివి నువ్వు, రోకలి యాడబడిందని అడుగుకుంటా.”