చిన్నాయిన మళ్ళీ ఎక్కాలనుకున్న కొండ

మా చిన్నాయిన పోయాడన్న కబురు నాకు మహదేవపూర్ దగ్గర ఒక వరి మడి గట్టు మీద అందింది. వ్యవసాయ శాఖలో నా ఉద్యోగం అక్కడే. రైతుకు తెగులు మందు గురించి చెబుతుంటే జనగామ నుంచి చిన్నమ్మ ఫోన్ చేసింది. “మీ చిన్నాయిన లేస్తలేడు బిడ్డా,” అంది.  దవాఖానకు చేరేలోపే గుండె ఆగిపోయిందట. ఆయనా నేనూ మోటార్ సైకిళ్ళ మీద హిమాచల్ కొండలకు బయలుదేరడానికి సరిగ్గా పద్దెనిమిది రోజులున్నాయి.

ఆయన మా బాపుకు తమ్ముడు. ముప్పై ఏళ్ళు బస్సు నడిపాడు. జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి, మళ్ళీ జనగామ. “అన్ని తొవ్వలు చాప పరిచినట్టే ఉంటయి. ఒక్క కొండన్న ఎక్కకపోతె డ్రైవర్ని ఎట్లయిత?” అనేవాడు. అందుకే రిటైరైన ఏడాదే చిన్ననాటి దోస్తుతో కలిసి బండి మీద హిమాచల్‌లోని స్పితి లోయకు పోయాడు. ఆ దోస్తు జనగామలో కాంట్రాక్టర్. వెంట అతని బామ్మర్ది కూడా ఉన్నాడు.

కొండ దాటించే కనుమకు ఇంకో పూట ప్రయాణం ఉందనగా, రోడ్డుకడ్డంగా పారే మంచు నీళ్ళలో చిన్నాయిన బండి జారింది. కాలు విరిగింది. దగ్గరలో ఒక ముసలామె నడిపే చాయ్ డేరా ఉంటే కాంట్రాక్టర్ ఆయనను అక్కడ పడుకోబెట్టాడు. తమ గుడారం చిరిగిందని చిన్నాయిన బండికి కట్టిన గుడారం విప్పుకున్నాడు. రేపొస్తామని చెప్పి బామ్మర్దితో కనుమ ఎక్కాడు. అవతలి దారినే దిగి ఇంటికొచ్చేశాడు. మూడు రోజులు ఆ ముసలామె చేతి అన్నం తిని, చివరికి ఏదో లారీ ఎక్కి చిన్నాయిన కిందికి దిగాడు. కాలు వంకరగానే అతుక్కుంది.

ఆయన ఊరు చేరేసరికి జనగామ హోటళ్ళలో కథ వేరేగా ఉంది. కొండను చూసి జడుసుకున్నాడని, కాళ్ళావేళ్ళా పడితే తామే వెనక్కి పంపామని కాంట్రాక్టర్ చెప్పి నవ్వించాడు. ముప్పై ఏళ్ళలో ఒక్క ప్రయాణికుడికీ గీత పడనివ్వని మనిషిని ఊరు పిరికివాడంది. చిన్నాయిన ఎవరికీ జవాబు చెప్పలేదు. రెండేళ్ళ కింద నేను మోటార్ సైకిల్ నేర్పమని అడిగినప్పుడు, గేర్లు చూపిస్తూ మధ్యలో ఆపి, ఇదంతా చెప్పాడు. “నేర్పుత. గని నాతోని ఆడిదాంక రావాలె,” అన్నాడు.

ఆ రోజు నుంచి మాకు అదే లోకం. పాత క్యాలెండర్ వెనక దారి గీశాడు. పెట్రోల్ ఎక్కడ దొరుకుతుందో, ఏ నీళ్ళు పొద్దున్నే దాటాలో, ఎక్కడ గుడారం వేస్తే గాలి తగలదో అన్నీ రాశాడు. ప్రతి రెండో ఆదివారం మహదేవపూర్ వచ్చేవాడు. గోదారి ఇసుకలో సామాను కట్టిన బండిని పడేసి, లేపమనేవాడు. నా నడుము విరిగిపోయేది. “పడ్డ బండిని లేపరానోళ్ళు ఎక్కనే ఒద్దు,” అనేవాడు. అలవాటు కావాలని రాత్రి ఆ ఇసుకలోనే గుడారం వేయించేవాడు. వెళ్ళే రోజులు కూడా లెక్క ప్రకారమే పెట్టాడు. ఆయనను వదిలేసి పోయిన తేదీకే ఆ డేరా దగ్గర ఉండాలి. ముసలామె చేతి చాయ్ తాగాలి. తర్వాత కనుమ ఎక్కి ఫోటో దిగాలి. దాన్ని ఫ్లెక్సీ కొట్టించి కాంట్రాక్టర్ ఇంటి ఎదురుగా కట్టాలి. ఫ్లెక్సీ కొలతలు కూడా రాసిపెట్టాడు.

ఇంత పగ ఎందుకు చిన్నాయినా అని ఒకసారి అడిగాను. “పగ పెట్రోల్ అసుంటిది బిడ్డా. ట్యాంకుల ఉంటె బండి నడుస్తది. మీద పోసుకుంటెనే కాలుతం,” అన్నాడు.

ఆయన పోయిన మూడో రోజు జనగామ చౌరస్తాలో ఒక ఫ్లెక్సీ వెలిసింది. ప్రాణస్నేహితుడికి అశ్రునివాళి. చిన్నాయిన ఫోటో ఎంత ఉందో కాంట్రాక్టర్ ఫోటో కూడా అంతే ఉంది. చింపుదామని పోయాను. చిన్నమ్మ వద్దంది. దశదినం కానియ్యి అంది.

దశదినం నాడు కాంట్రాక్టర్ వచ్చాడు. మొదటి బంతిలోనే కూర్చుని, పక్కవాళ్ళకు ఆ పాత కథే మొదలుపెట్టాడు. పాపం, కొండను చూసి ఎట్లా వణికాడో, తానెంత ధైర్యం చెప్పాడో. చాయ్ డేరా ముసలామె నంబరు నా దగ్గరుంది. చిన్నాయిన పండుగ పండుగకూ ఆమెతో మాట్లాడేవాడు. బంతి నడుమ నిలబడి ఆమెకు ఫోన్ కలిపి, అందరికీ వినపడేలా పెట్టాను. మాది ఉర్దూ కలిసిన ఊరు. ఆమె హిందీ అర్థం కానివాళ్ళు ఆ బంతిలో లేరు.

చిన్నాయిన పోయాడని చెప్పాను.  కాలు విరిగిన మనిషేనా అంది ఆమె. దోస్తులు గుడారం విప్పుకుని పోతే మూడు రోజులు దారి వైపే చూసిన మనిషేనా అంది. అవునన్నాను. ఆ దోస్తులు చావుకు వచ్చారా అని అడిగింది.

“వచ్చారమ్మా. అన్నం తింటున్నారు,” అన్నాను.

బంతిలో ఒక్క చేయీ కదల్లేదు. కాంట్రాక్టర్ లేవబోయాడు. అప్పుడు మా చిన్నమ్మ అన్నం గిన్నెతో వచ్చి అతని విస్తరి ముందు నిలబడింది. నిండా వడ్డించింది.

“తినన్నా,” అంది మెల్లగా. “ఆయన మూడు రోజులు పరాయామె పెట్టిందే తిన్నడు.”

అతను తిన్నాడు. తల ఎత్తకుండా చివరి మెతుకు దాకా తిన్నాడు. ఊరంతా చూసింది. చెయ్యి కడుక్కుని ఎవరితోనూ మాట్లాడకుండా వెళ్ళిపోయాడు. మర్నాటికి చౌరస్తాలో ఫ్లెక్సీ లేదు.

నాకు సంతోషమైంది. దాచను. పోయినవాళ్ళ పేరు మీద క్షమించాలని పెద్దలు చెబుతారు. మా చిన్నాయిన పేరు మీద నేను అది చెయ్యలేను. వచ్చే వారం ఒక్కదాన్నే బయలుదేరుతున్నాను. ఆయన గీసిన దారిలోనే, ఆయన పెట్టిన తేదీకే.

కళ్ళు మూసుకుంటే మాత్రం కొండ కనబడదు. గోదారి ఇసుకలో ఒక తెల్లవారుజాము కనబడుతుంది. ఆయన పొడుగుకు మా గుడారం చాలేది కాదు. లోపల గురక వినిపిస్తుండేది. బయట ఇసుక మీద రెండు పాదాలు మంచుకు తడిసి, సూర్యుడు వచ్చేదాకా అట్లాగే ఉండేవి.